పన్నెండు వాటాల మార్కెట్

“ఈ టర్మ్ అయిపోయే లోపల గుర్రాలకుంటను తీసుకపోయి వెనిస్ నగరం పక్కన నిలబెట్టకపోతే నా పేరు జగదీశ్వరే కాదు!” అని మున్సిపల్ చైర్మన్ ప్రకటించిన రోజున, హాల్లో అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది కొండల్. వెనిస్ ఎక్కడుందో కొండల్‌కు తెలియదు. చైర్మన్ గారికీ తెలియకపోవచ్చు. అక్కడ వీధుల నిండా నీళ్లుంటాయని మాత్రం టీవీలో చూసినవాళ్లు చెప్పారు. వాన పడితే మన పాత అంగడిలో మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి కనుక, ఆ లెక్కన సగం పని అప్పటికే పూర్తయినట్టు.

గుర్రాలకుంట తెలియనివాళ్లు ఎవరైనా ఉంటే, ఇబ్రహీంపట్నం దాటి సాగర్ రోడ్డు మీద కాస్త ముందుకు వెళ్లాలి. “మీ కలల ప్లాటు” బోర్డులు ఎక్కడ దట్టంగా మొదలవుతాయో అక్కడ ఆటో దిగితే సరిపోతుంది. మొన్నమొన్నటి దాకా అది గ్రామ పంచాయతీ. ఇప్పుడు పన్నెండు వార్డుల మున్సిపాలిటీ. రోడ్లు, దీపాలు, నల్లాలు ఇంకా పంచాయతీ కాలంలోనే ఉన్నాయి గానీ, ఇంటి పన్ను మాత్రం ఒక్కటే పట్టుదలతో పట్టణ స్థాయికి ఎదిగింది.

కొండల్ కౌన్సిలర్ కాదు. కౌన్సిలర్ ఆయన భార్య ఉమారాణి. మూడో వార్డు మహిళలకు రిజర్వయితే ఆమెను నిలబెట్టారు, గెలిచింది. ఆమె గెలుపులో పార్టీ గాలి ఏమీ లేదు. పాత అంగడిలో రోడ్డు పక్కన కూచుని చేపలమ్మే ఉమారాణి తూకంలో మోసం చేయదని, కుళ్లిన చేపను తాజా చేపల కింద దూర్చదని వార్డు మొత్తానికి తెలుసు. గెలిచిన మర్నాడు పొద్దున్నే మళ్లీ కత్తిపీట ముందు కూచుంది. కౌన్సిల్ మీటింగులేమో సరిగ్గా చేపల గిరాకీ వేళకే పెడతారు.

“గిరాకీ ఇడిసిపెట్టి ఆడికొచ్చి నేనేం జేయాలె? నువ్వే పోయి కూసో” అంది మొగుడితో.

కొండల్ పోయి కూచున్నాడు. మొదట్లో గోడవార బెంచీ మీద. తర్వాత రెండో వరుసలో. ఆ తర్వాత ‘శ్రీమతి ఉమారాణి, కౌన్సిలర్’ అని రాసి ఉన్న పలక వెనక కుర్చీలో. ఇట్లాంటి భర్తలు సమావేశాలకు రాకూడదని మధ్యలో పైనుంచి సర్క్యులర్ వచ్చింది. కమిషనర్ దాన్ని సభలో స్పష్టంగా చదివి వినిపించారు. సభలో ఉన్న భర్తలంతా బల్లలు చరిచి దాన్ని ఏకగ్రీవంగా ఆమోదించారు.

నిజం చెప్పాలంటే ఆ కుర్చీ కొండల్‌కు కుర్చీ మాత్రమే కాదు. కొండల్ నాయన, చైర్మన్ జగదీశ్వర్ నాయన ముందు చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడేవాడు. చెరువులో పడ్డ మొదటి కొర్రమీను ఆ పటేలు ఇంటికి చేరవేసి, వాకిట్లోనే ఉండి వచ్చేవాడు. అట్లాంటి ఇంటి మనిషి ఇప్పుడు తన పక్క కుర్చీలోంచి వంగి, “ఏం తమ్మీ, చాయ్ తాగినవా?” అని అడుగుతాడు. ఆ ‘తమ్మీ’ వినబడినప్పుడల్లా కొండల్ కుర్చీ అంచు నుంచి ఇంకొంచెం లోపలికి జరిగి కూచునేవాడు. అందుకే చైర్మన్ గారు నోరు తెరవకముందే కొండల్ చేతులు బల్ల మీదికి వెళ్లేవి.

ఇక పథకం సంగతి. దాని పేరు పాత అంగడి పునరుజ్జీవన పథకం. మూడో వార్డులో, సరిగ్గా ఉమారాణి కూచునే చోట, ఒకే కప్పు కింద కూరగాయలు, మాంసం, చేపలు అమ్మే పెద్ద మార్కెట్ కట్టాలని సర్కారు మంజూరు చేసింది. పట్నం నుంచి నిశాంత్ అనే కన్సల్టెంటు వచ్చి తెర మీద బొమ్మలు చూపించాడు. అద్దాల గోడలు, ఎత్తైన కమాను, పార్కింగు. బొమ్మలో సంచులు పట్టుకుని తిరుగుతున్నవాళ్లంతా తెల్లతోలు మనుషులే. ఒకామె చేతిలో కుక్క కూడా ఉంది.

“గీళ్లెవళ్లు? వీళ్లకు మనూళ్లె ఓటున్నదా?” అని అడిగాడు ఏడో వార్డు పరమేష్. ఆయన ప్రతిపక్షం. ఏదో ఒకటి అడగడం ఆయన బాధ్యత.

“అది రిప్రజెంటేటివ్ పబ్లిక్ సార్” అన్నాడు నిశాంత్.

కొండల్ అవేవీ వినలేదు. ఆయన చేపల హాలు చూస్తున్నాడు. నల్లరాతి గద్దెలు, గద్దె గద్దెకూ నల్లా, పక్కనే ఐస్ గది. ఆ గద్దె వెనక ఉమారాణిని కూచోబెట్టి చూసుకున్నాడు మనసులో. నెత్తిన ఎండ లేదు, కాళ్ల కింద బురద లేదు, గాలికి ఎగిరిపోయే ప్లాస్టిక్ పరదా లేదు. లారీ దుమ్ము చేపల మీద పడదు. ఆయనకు కళ్లు చెమర్చాయి. కుక్కను పట్టుకున్న ఆ తెల్లామె కూడా ఉమారాణి దగ్గరే ఒక కిలో బొచ్చె చేప కొంటుందనిపించింది.

తెర మీద బొమ్మ ఇంకా ఆరిపోకముందే పరమేష్ లేచాడు.

“చైర్మన్ సాబ్, మొత్తం మూడో వార్డుకే ఇస్తే మా ఏడో వార్డుకేమున్నది, బూడిదా? రేపు నా జనం ముంగట ఏం మొఖం పెట్టుకోవాలె?”

“మా తొమ్మిదో వార్డు గుట్ట మీదున్నదని ఎప్పుడూ ఇంతే” అన్నాడు ఇంకొకాయన.

“మార్కెట్ ఒక్క జాగల్నే కదా సార్ ఉంటుంది...” అని నిశాంత్ నచ్చజెప్పబోయాడు.

“ఒక్క జాగల ఎందుకుండాలె? మేం ఓట్లేయించుకోలేదా?” అని సభ మొత్తం లేచింది. పాలకపక్షం, ప్రతిపక్షం తేడా లేకుండా అందరూ వాకౌట్‌కు సిద్ధపడ్డారు. సమోసాలు ఇంకా రాలేదు కనుక తలుపు దాకా వెళ్లి ఆగారు.

ఇట్లాంటి ఘడియల్లోనే నాయకుడెవరో తెలిసేది. జగదీశ్వర్ కండువా సర్దుకున్నాడు. వాళ్లది తరాలుగా పంపకాలు చేసిన ఇల్లు. చుట్టుపక్కల అన్నదమ్ములు వేరు పడాలంటే ఆ ఇంటి పెద్దమనిషి వచ్చి పంచాల్సిందే. వాళ్ల తాత ఒక బావిని నలుగురికి పంచాడు. వాళ్ల నాయన ఒక వంటింటిని ఇద్దరికి పంచి మధ్యలో గోడ కట్టించాడు. పొయ్యి ఒకరికి వచ్చింది, పొగ గూడు ఇంకొకరికి వచ్చింది. ఆ పంపకాల మీద ఇంతవరకూ ఒక్కరు కూడా కోర్టుకు పోలేదు. దవాఖానకు పోయినవాళ్లున్నారు గానీ అది వేరే శాఖ.

“కూసోండ్రి. మనం పన్నెండు మందిమి ఒక్క తల్లి పిల్లల లెక్క. అన్నదమ్ముల నడుమ ఆస్తి వచ్చిందనుకో, ఏం జేస్తం? పంచుకుంటం. గీ మార్కెట్‌ను గూడ గట్లనే పన్నెండు పాళ్లు చేద్దాం. వార్డుకొక పాలు. ఎవ్వనికీ ఎక్కువ లేదు, ఎవ్వనికీ తక్కువ లేదు. ఏమంటరు?”

 ఒక్కసారిగా బల్లలు మోగాయి. పరమేష్ వచ్చి చైర్మన్ కాళ్లకు దండం పెట్టబోతే ఆయన మధ్యలోనే పట్టుకుని కౌగిలించుకున్నాడు. ప్రజాస్వామ్యం ఆ రోజున గుర్రాలకుంటలో ఎంత ఎత్తుకు ఎదిగిందో పత్రికలు సరిగ్గా రాయలేదు.

నిశాంత్ మాత్రం తేరుకోలేదు. “సార్, బిల్డింగ్‌ను... పంచడమంటే?”

“పంచుడంటే పంచుడే. నీ బొమ్మల ఏమేమున్నయో చెప్పు. శివయ్యా, చీటీలు రాయి.”

అటెండర్ శివయ్య చీటీలు రాశాడు. కమాను, పైకప్పు, కూరగాయల గద్దెలు, మాంసం కొట్టు, చేపల గద్దెలు, ఐస్ గది, నీళ్ల ట్యాంకు, మరుగుదొడ్లు, పార్కింగు, తూకం కాంటా, మురుగునీళ్లు పోయే మోరీ. పదకొండే వచ్చాయి. ఒక వార్డుకు అన్యాయం జరిగే ప్రమాదం ఏర్పడింది. సభ మళ్లీ లేవబోతుంటే నిశాంత్ ‘ఐ లవ్ గుర్రాలకుంట’ అని ఎర్ర అక్షరాలతో ఒక సెల్ఫీ పాయింట్ కూడా పెట్టొచ్చని చెప్పి గండం గట్టెక్కించాడు. ఆయనకు అప్పటికి పని అర్థమవడం మొదలైంది. ఒక మార్కెట్‌కు గీసే ప్లాను ఇప్పుడు పన్నెండు చోట్లకు గీయాలి. ఫీజు సంగతి తర్వాత మాట్లాడదామని కమిషనర్ కళ్లతోనే చెప్పారు.

పంపకానికి ఒక పద్ధతుంది. ఆ ఇంటి పెద్దలు దాన్ని ఎన్నడూ తప్పలేదు. చీటీలు రాసిన వైపు పైకి పెట్టి బల్ల మీద పరుస్తారు. అందరికన్నా చిన్నవాడు ముందు ఏరుకుంటాడు. ఆ వరసలో పెద్దవాడు చివర మిగిలింది తీసుకుంటాడు. పంచిన పెద్దమనిషికి జ్యేష్ఠ భాగం అని ఒకటి విడిగా తీస్తారు. చైర్మన్ తన మొదటి వార్డు కోసం జ్యేష్ఠ భాగంగా పైకప్పు తీసుకున్నాడు.

“సార్, రూఫ్ కింద ఏదో ఒకటి ఉండాలి కదా” అన్నాడు నిశాంత్.

“ఉంటది. ఉత్తగ ఎందుకుంటది?” అన్నాడు చైర్మన్.

అందరిలో చిన్నది పదకొండో వార్డు అంకిత. డిగ్రీ చదువుతూ గెలిచిన అమ్మాయి. ఆమె సెల్ఫీ పాయింట్ ఏరుకుంది. పరమేష్ ఐస్ గది పట్టాడు. గుట్ట మీది తొమ్మిదో వార్డాయన చేపల గద్దెలు లాక్కున్నప్పుడు కొండల్ కుర్చీ అంచుకు జరిగాడు. చెయ్యి లేపబోయాడు. కానీ మూడో వార్డు పాత ఊరు. ఊరంతా దాని నుంచే పుట్టింది. అంటే అందరికన్నా పెద్దన్న. పెద్దన్న చివరిదాకా ఆగాలి.

బల్ల మీద ఒక్క చీటీ మిగిలింది. కొండల్ తీసి చదివాడు. మోరీ.

“తమ్మీ, పెద్దరికం చేసినవ్! నీ గుండె పెద్దది” అని జగదీశ్వర్ లేచి వచ్చి కొండల్‌ను అందరి ముందు కౌగిలించుకున్నాడు. పటేలు ఒంటి మీది అత్తరు వాసన చొక్కాకు అంటుకుంది. కొండల్ ఆ కౌగిలిలో చేపల గద్దెల్ని పూర్తిగా మరిచిపోయాడు. తీర్మానం మీద ‘ఉమారాణి’ అని సంతకం పెట్టాడు. ఆ సంతకం ఆయనకు ఆమె కన్నా అందంగా వస్తుంది.

ఇంటికి వచ్చేసరికి ఉమారాణి వాకిట్లో గంపలు కడుగుతోంది. విషయం మొత్తం విన్నది. చేతులు కొంగుకు తుడుచుకుంది.

“మల్ల నేనేడ కూసోవాలె?”

“తొమ్మిదో వార్డుల. గుట్ట మీద. మస్తు గాలొస్తది.”

“ఐసేడుంటది?”

“పరమేష్ దిక్కు. ఏడో వార్డు.”

“నీళ్లు?”

“అయిదో వార్డుల ట్యాంకి.”

“కార్లల్లొచ్చేటోళ్లు ఏడ ఆపుకుంటరు?”

“పన్నెండో వార్డుల. బైపాస్ కాడ. జర నడుస్తరు. నడిస్తే షుగర్ రాదంటున్నరు.”

ఉమారాణి కడిగిన గంపలోని నీళ్లు వంచేసింది. “మనకేమొచ్చింది మల్ల?”

“మోరీ” అన్నాడు కొండల్. చెప్పేటప్పుడు ఎందుకో గొంతు తగ్గింది. “పటేలు నన్ను పట్టుకున్నడు తెలుసా, అందరి ముంగట.”

“పట్టుకుంటడు. ఎందుకు పట్టుకోడు? నా అంగడి మొత్తం తీసుకపోయి ఆయన చేతుల పెట్టి వస్తివి.” ఆమె గంప ఎత్తి గోడకు బోర్లించింది. “ఎవలన్న చేపను కోసి తలకాయ ఒకలకు, తోక ఒకలకు, పొలుసు ఒకలకు అమ్ముతరా? మాకు గా తెలివి గూడ లేకపాయె.”

కొండల్‌కు కోపం వచ్చింది. పరిపాలన అంటే చేపలమ్మడం కాదని చెబుదామనుకున్నాడు. కానీ ఆమె కత్తిపీట కూడా కడుగుతోంది కనుక వాయిదా వేశాడు.

పునరుజ్జీవనంలో మొదటి మెట్టు ఉన్నదాన్ని తీసేయడం. మోరీ తవ్వాలంటే పాత అంగడి ఖాళీ కావాలి కనుక ఒక పొద్దున జేసీబీ వచ్చింది. టౌన్ ప్లానింగ్ ఆఫీసరు నీడన నిలబడి పరదాలు పీకించాడు. ముసలి మైసమ్మ చేపల గంప పక్కకు ఒరిగి బొచ్చెలు మట్టిలో పడ్డాయి. ఉమారాణి కత్తిపీట మీద నుంచి లేచి ఆయన ముందు నిలబడింది.

“ఏం సారూ, ఒక మాటన్న చెప్పవా? మేం యాడికి పోవాలె?”

“నన్నెందుకడుగుతవమ్మా? మీ వార్డు కౌన్సిలర్ గారే సంతకం పెట్టిన్రు. పోయి వాళ్లనే అడుగు.”

“నేనే కౌన్సిలర్ను.”

ఆఫీసరు ఆమెను కిందికీ మీదికీ చూశాడు. చేపల పొలుసులంటిన మోచేతులు చూశాడు. “కౌన్సిలర్‌ను నేనెరగనా? రోజూ మీటింగుల చూస్త. మీసాలుంటయి” అని డ్రైవరుకు చెయ్యి ఊపాడు.

జేసీబీ వెనక నిలబడి ఇదంతా చూస్తున్న కొండల్ ఆ సమయంలో అత్యవసరంగా ఎవరికో ఫోన్ చేయాల్సి వచ్చింది.

తర్వాత పనులు పరుగెత్తాయి. గుర్రాలకుంట చరిత్రలో ఏ పనీ అంత తొందరగా కాలేదు, ఎందుకంటే ఎవరి వాటా వాళ్లు తవ్వుకుని కట్టించుకున్నారు. రెండో వార్డులో పత్తి చేను మధ్య కమాను లేచింది. దాని మీద ‘స్వాగతం’ అని ఉంది. ఎవరు ఎటు నుంచి ఎటు పోయినా అది పత్తి చేనుకే స్వాగతం పలుకుతుంది. అయిదో వార్డులో నీళ్ల ట్యాంకు లేచింది. పైపులు ఎవరి వాటాలోనూ రాలేదు కనుక నీళ్లు ఎక్కలేదు. ఏడో వార్డులో ఐస్ గది లేచింది. చల్లగా ఉంటుందని పరమేష్ మధ్యాహ్నాలు అక్కడే పడుకుని ప్రతిపక్ష బాధ్యతల గురించి ఆలోచించేవాడు. మొదటి వార్డులో నాలుగు స్తంభాల మీద బ్రహ్మాండమైన పైకప్పు లేచింది. కింద ఉత్తగా లేదు. చైర్మన్ గారి వరి కోత మిషను ఉంది.

గుట్ట మీద చేపల గద్దెలూ లేచాయి. నల్లరాయే. బొమ్మలో ఉన్నంత నున్నగానే ఉన్నాయి. పైన కప్పు మొదటి వార్డులో ఉంది కనుక, ఎండకు ఆ రాయి ఎంతగా కాలిపోయేదంటే మైసమ్మ పెట్టిన రవ్వ చేప ఒక వైపు ఉడికింది.

ఆదివారాలు తుర్కయాంజాల్ అపార్ట్‌మెంట్ల నుంచి కార్లలో వచ్చే గిరాకీ ఉమారాణికి ఏళ్లుగా ఉంది. ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు చేప అంటే వాళ్లకు నమ్మకం. అందులో ఒక పెద్దాయన పాపం పార్కింగులో కారు ఆపి, అడిగి అడిగి గుట్ట ఎక్కి వచ్చాడు. చెమటలు కారుతున్నాయి.

“ఏందమ్మా, ఇక్కడికెక్కినవ్?”

“ఎక్కిచ్చిన్రు సారు. బొచ్చె ఇయ్యనా?”

“ఇవ్వు. తూకం వెయ్యి.”

“కాంటా ఆరో వార్డుల ఉన్నది.”

“అయితే కోసి, కడిగి ఇవ్వు. అందాజుగా ఇస్తలే.”

“నీళ్లు అయిదో వార్డుల... అయిన గానీ ట్యాంకిల నీళ్లు లేవు.”

పెద్దాయన గద్దె మీద కూచోబోయి, కాలి లేచాడు. ఆ తర్వాత వారం ఆయన కనిపించలేదు. ఆపై వారం ఎవరూ కనిపించలేదు. ఆడవాళ్లు కొందరు గంపలెత్తుకుని ఇబ్రహీంపట్నం వెళ్లారు. అక్కడ రోడ్డు పక్కన ముందు నుంచి కూచునేవాళ్లు రానివ్వక గొడవై తిరిగొచ్చారు. ఉమారాణి ఇంట్లో అమ్ముడుపోని చేపల కూరే పొద్దూమాపూ అయింది. కౌన్సిలర్ భర్త అయినప్పటి నుంచి కొండల్ చెరువు మీదికి వల తీసుకుపోవడం మానేశాడు. ఆ ఇల్లు నడిచేదే ఆమె కత్తిపీట మీద. అది ఆయనకూ తెలుసు. తెలిసి, చికెన్ తెచ్చుకుందామా అని ఒకరోజు అడిగి తిట్లు తిన్నాడు.

అయితే ప్రతిభను ఎవరూ దాచలేరు. వేరే జిల్లాల మున్సిపాలిటీల నుంచి ఒక అధ్యయన బృందం రెండు బస్సుల్లో దిగింది. నిశాంత్ కొత్త బొమ్మలతో, కొత్త కోటుతో వచ్చాడు. ఈ పంపకానికి ‘వికేంద్రీకృత మార్కెట్ విధానం’ అని పేరు పెట్టాడు.

“మార్కెట్ ఎక్కడ సార్?” అని బృందంలో ఒకాయన అడిగాడు.

“మీరు దిగినప్పటి నుంచి చూస్తున్నదంతా మార్కెట్టే” అన్నాడు నిశాంత్.

వాళ్లు నోట్సు రాసుకున్నారు. అంకిత గారి సెల్ఫీ పాయింట్ దగ్గర ఫొటోలు దిగారు. ఆ మధ్యాహ్నానికి పథకం పేరు రాష్ట్ర అవార్డుకు పోయింది. బృందానికి వడ్డించిన చేపల పులుసు ఇబ్రహీంపట్నంలో కొని తెప్పించారు.

ఉమారాణి ఊరుకోలేదు. మైసమ్మను, మిగతా ఆడవాళ్లను కూచోబెట్టి ఒక అర్జీ రాయించింది. అడిగింది పెద్దదేమీ కాదు. పాత అంగడిలో తవ్వి వదిలేసిన మోరీ పక్కన రోడ్డు వార జాగా ఉంది. అక్కడ మునుపటి లెక్కనే పరదా కట్టుకుని కూచోనివ్వాలి. అంతే. మీటింగు ముందటి సాయంత్రం ఆమె కొండల్ ఎదురుగా పీట వేసుకుని కూచుంది. ఈసారి తిట్టలేదు. అందుకే కొండల్‌కు ఎక్కువ భయం వేసింది.

“ఇగో, నేను నిన్ను ఎన్నడూ ఏం అడగలే. నా పేరు మీద తిరిగినవ్, తిరగనిచ్చిన. నా సంతకం పెట్టినవ్, పెట్టనిచ్చిన. తప్పు నాది గూడ ఉన్నది. గీ ఒక్కసారి నా దిక్కు మాట్లాడు. నా కుర్చీల కూసున్నవ్ గదా.”

“మాట్లాడత. ఒట్టు” అన్నాడు కొండల్.

అబద్ధం కాదు, నిజంగానే అన్నాడు. పొద్దున అద్దం ముందు నిలబడి రెండుసార్లు చదువుకున్నాడు కూడా. ‘గౌరవ సభకు మనవి, ఆడోళ్ల పొట్ట మీద కొట్టొద్దు’ అన్న చోట అద్దంలో మనిషి ముఖం తనకే నచ్చింది. మీటింగు హాలుకు ఆయన ఆ రోజు తల ఎత్తుకుని నడిచాడు. వెనకాలే కొంచెం దూరంలో గంప చంకన పెట్టుకుని ఉమారాణి వచ్చింది. తలుపు దగ్గర శివయ్య ఆమెను ఆపాడు.

“అర్జీదారులు బయటనే ఉండాలె అక్కా. లోపటికి కౌన్సిలర్లే.”

ఉమారాణి మొగుడి వైపు చూసింది. “పో. నేనీడనే ఉంట” అంది.

మొదటి అంశం సంతాపం. రెండోది అవార్డుకు అభినందనలు. మూడో అంశంగా కమిషనర్ అర్జీ చదివారు. కొండల్ గొంతు సవరించుకుని లేవబోయాడు. పరమేష్ అప్పటికే లేచి ఉన్నాడు.

“ఇది అన్యాయం! పంపకం అయిపోయినంక ఒక్కలు వచ్చి పక్కోని పాలు అడుగుతరా? చేపలు తొమ్మిదో వార్డు పాలు. మూడో వార్డుల మల్ల చేపలమ్మితే రేపు మేం గూడ అడుగుతం. నాకు గా పైకప్పు కావాలె!”

పైకప్పు మాట వినగానే జగదీశ్వర్ నిటారుగా కూచున్నాడు. హాలు మొత్తం ఆయన వైపు చూసింది. ఆయన కొండల్ వైపు చూశాడు.

“తమ్మీ, నువ్వు చెప్పు. అన్నదమ్ములు ఒక్కసారి వేరుపడ్డంక, గట్టు జరపొచ్చునా?”

“గది... పటేలా, ఆడోళ్లు...” అన్నాడు కొండల్.

“ఆడోళ్లకేం తెలుస్తది పంపకాల సంగతి? నువ్వు పెద్దన్నవు. మా నాయన ఉంటే ఏమంటుండె తెలుసా? పెద్దన్న మాట మీద నిలబడితేనే ఇల్లు నిలబడతది అంటుండె. నువ్వే ప్రతిపాదించాలె. ఇంకెవ్వలు చెప్పినా మూడో వార్డోళ్లు నొచ్చుకుంటరు.” ఆయన చెయ్యి కొండల్ భుజం మీద పడింది. “మీ నాయన మా వాకిట్ల నిలబడేటోడు. నువ్వు నా పక్కన కూసున్నవ్. గీ సంగతి యాది పెట్టుకో.”

కొండల్‌కు అద్దం ముందు చదువుకున్నదంతా ఇంకా నోట్లోనే ఉంది. భుజం మీద చెయ్యి బరువుగా, వెచ్చగా ఉంది. తలుపు కొంచెం తెరిచి ఉంది, సందులోంచి గంప అంచు కనిపిస్తోంది. ఆయన దాని వైపు చూడలేదు. చూస్తే నోరు పెగలదని తెలుసు.

“మూడో వార్డు తరఫున...” అన్నాడు. “అర్జీ తిరస్కరించాలని... ప్రతిపాదిస్తున్న.”

బల్లలు మోగాయి. అలవాటు కొద్దీ కొండల్ చేతులు కూడా బల్ల మీదికి వెళ్లాయి. ‘చేపలమ్ముకునే ఉమారాణి, తదితరుల అర్జీ తిరస్కరించడమైనది. ప్రతిపాదించినవారు శ్రీమతి ఉమారాణి, కౌన్సిలర్’ అని కమిషనర్ రాసి, చదివి, తల ఎత్తకుండానే నాలుగో అంశానికి వెళ్లారు. అది గుర్రాలకుంటలో మహిళా సాధికారత వారోత్సవాల ఏర్పాట్లు. సమోసాలు వచ్చాయి. శివయ్య ప్లేట్లు అందించి బయటికి వెళ్లాడు, కాసేపటికి మళ్లీ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

“ఏంది శివయ్యా?” అన్నాడు చైర్మన్.

“అర్జీ పెట్టిన ఆమె పోతలేదు సార్. కొట్టేసిన్రని చెప్పిన. కౌన్సిలర్ ఉమారాణే కొట్టేపిచ్చిందని గూడ చెప్పిన. అయితే ఆమెను ఒక్కసారి కలువాలె, బయటికి పిలువుమంటున్నది.”

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. జగదీశ్వర్ సమోసా కొరుకుతూ, “నీ వార్డు మనిషే గద తమ్మీ. నువ్వే చూసుకో” అన్నాడు.

హాల్లో అందరి కళ్లూ కొండల్ మీదే ఉన్నాయి. కొండల్ కుర్చీలోంచి సగం లేచాడు. లేస్తే ఉమారాణి పేరున్న పలక వెనక కుర్చీ ఖాళీ అవుతుంది అనిపించింది. మళ్లీ కూచున్నాడు. ముందున్న పలకను కొంచెం తిన్నగా జరిపాడు.

“మీటింగుల ఉన్ననని చెప్పు” అన్నాడు శివయ్యతో. “రేపు రమ్మను.”